మావారి తుపాకీ వల్ల కలిగే మేళ్ళు

ప్రతి ఇంట్లోనూ ఒక తుపాకీ ఉండాలి. తయారైన తుపాకీ కాదు సుమా, తయారవుతున్న తుపాకీ! సంసారం సజావుగా సాగడానికి ఇంతకన్నా మంచి ఉపాయం ఇప్పటిదాకా ఎవరూ కనిపెట్టలేదని నా గట్టి నమ్మకం.

కంగారుపడి ఎవరికీ ఫోన్ చేయకండి. ఇది ప్రాణాలు తీసే తుపాకీ కాదు. ఎయిర్‌సాఫ్ట్ గన్ అంటారు. పైకి చూస్తే సరిహద్దులో సైనికుడి భుజాన ఉండేదానిలాగే ఉంటుంది. లోపల మాత్రం ఒక స్ప్రింగు, ఒక పిస్టన్, కాస్త గాలి. ఆ గాలి తోస్తే మిరియపు గింజకన్నా కొంచెం పెద్దదైన ప్లాస్టిక్ గుండు బయటికొస్తుంది. చొక్కా మీద తగిలితే చీమ కుట్టినంత. బొమ్మ అని అందరికీ తెలియడానికి మూతికి నారింజ రంగు పూస్తారు. ఆదివారం పొద్దున్నే పెద్ద పెద్ద ఉద్యోగస్తులు కళ్ళకు అద్దాలు బిగించుకుని, మూతపడిన ఇటుకల ఫ్యాక్టరీలో గోడల చాటున నక్కి, ఒకళ్ళనొకళ్ళు కాల్చుకుని, ఆనక అందరూ కలిసి టీ తాగి ఇళ్ళకు పోతారు. ప్రపంచంలో యుద్ధాలన్నీ ఇలా ముగిస్తే ఎంత బాగుండును!

ఈ తుపాకీ బజారులో పెట్టెలో పెట్టి అమ్ముతారు. తెచ్చుకుని, బ్యాటరీ పెట్టుకుని, కాల్చుకోవచ్చు. కానీ మావారు మొదటి నుంచీ సొంతంగా చేస్తున్నారు. మొదటి నుంచీ అంటే అల్యూమినియం దిమ్మ నుంచి. పని మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది. మా పెళ్ళయి రెండేళ్ళు. మరి మొదటి ఆర్నెల్లూ ఏం చేశారని అడుగుతారేమో! తుపాకీ గురించి ఆలోచించారు.

కింది వాటాలో ఉండే టైలర్ గారు ఉండబట్టలేక ఒకరోజు మెట్ల దగ్గర అడిగేశారు.

"అంత కష్టమెందుకు సార్? ఒకటి కొనుక్కోకూడదూ?"

"కొంటే అది నాదెలా అవుతుందండీ?" అన్నారు మావారు.

"మరి నేను కొన్న బట్టే కుడతాను సార్. దారం కూడా కొన్నదే. నేను కుట్టిన చొక్కా అనే అంటున్నారు జనం."

మావారు జాలిగా నవ్వి పైకొచ్చేశారు. ఆ వేళ భోంచేస్తున్నంతసేపూ "పాపం, ఆయనకి అర్థం కాదు" అంటూనే ఉన్నారు. తోటి మనిషి మీద అంత జాలి పుట్టించగల హాబీ ఇంకొకటి చూపించండి!

మా భోజనాల బల్లకు ఒక మూల బెంచి వైస్ బిగించి ఉంటుంది. వస్తువును కదలకుండా కరిచి పట్టుకునే ఇనప దవడలన్నమాట. కొత్తగా వచ్చినవాళ్ళు దాన్ని చూడగానే కుర్చీ వెనక్కి జరుపుకుంటారు. రెండోసారి వచ్చినవాళ్ళు అసలు కూర్చోరు. మూడోసారి ఎవరూ రాలేదు. రాని చుట్టాలకు చేయాల్సిన మర్యాదలు ఏముంటాయి? ఎంత పని తప్పిందో మీరే లెక్క వేసుకోండి.

ఫ్రిజ్‌లో వెన్న గిన్నె పక్కన గ్రీజు డబ్బా ఉంటుంది. రెండింటి రంగూ ఒకటే. ఒకరోజు మా అత్తగారు రొట్టె మీద గ్రీజు రాసి, నోటి దాకా తీసుకెళ్ళి, ఆగి, వాసన చూశారు. అప్పటినుంచి మా ఇంట్లో ఏది తినాలన్నా ముందు వాసన చూస్తాం. ఆరోగ్య శాఖవాళ్ళు ఎన్నేళ్ళు ప్రచారం చేస్తే ఇంత జాగ్రత్త వచ్చేది?

బట్టల తీగ మీద బట్టల మధ్య తుపాకీ ముక్కలకు రంగు వేసి ఆరేస్తారు. ఆకుపచ్చా, మట్టి రంగూ కలిసిన మచ్చలు. గాలికి దుప్పటి వెళ్ళి వాటికి అతుక్కుంది. ఇప్పుడు మా దుప్పటిని అడవిలో పరిస్తే మనకే కనబడదు. శత్రుసైన్యం వచ్చినా మేం నిశ్చింతగా పడుకోవచ్చు.

ఇక వ్యాయామం సంగతి. తుపాకీ లోపల బియ్యపు గింజంత స్ప్రింగు ఒకటి ఉంటుంది. విప్పినప్పుడల్లా అది టప్పున ఎగిరిపోతుంది. ఎగిరిందంటే చాలు, ముగ్గురం మోకాళ్ళ మీద వంగి, చేతిలో టార్చి పట్టుకుని, మంచాల కిందా బీరువాల కిందా వెతుకుతాం. మా అత్తగారి మోకాళ్ళకు డాక్టరు రాసిచ్చిన వ్యాయామం ఆమె ఒక్కరోజు కూడా చేయలేదు. ఇప్పుడు రోజు మార్చి రోజు చేస్తున్నారు!

"ఒరేయ్ నాన్నా, ఇదేనా?" అంటూ మంచం కిందనుంచి ఏదో ఒకటి పట్టుకొస్తారు.

"కాదమ్మా, అది పిన్నీసు."

"పోనీ దీంతో సరిపెట్టుకో రాదుట్రా?"

సరిపెట్టుకోవడమా! మావారు సరిపెట్టుకునే మనిషి కాదు. వెంట్రుకలో సగం మందం తేడా వచ్చినా ఆ ముక్కను పక్కన పారేసి మళ్ళీ ఆకురాయి పట్టుకుంటారు. సాయంత్రం ఆఫీసునుంచి వచ్చింది మొదలు భోజనం దాకా అదే అరగదీత. అల్యూమినియం రజను సన్నగా రాలుతూ ఉంటుంది. ఊడ్చేటప్పుడు మా ఇల్లు మిలమిలా మెరుస్తుంది. వెండి రాలే ఇల్లు ఎంతమందికి ఉంటుంది?

కానీ వీటన్నిటినీ మించిన మేలు ఒకటుంది. ఆయన చెవి.

ఈ తుపాకీలో గాలి ఎక్కడా లీకు కాకూడదట. పిస్టన్ తోసిన గాలి మొత్తం గుండు వెనకకే పోవాలి. రవ్వంత గాలి పక్కకు పోయినా గుండు నీరసపడుతుంది. అందుకని వారానికి రెండుసార్లు మా ఇంట్లో లీకు పరీక్ష జరుగుతుంది. ఆ రోజు ఫ్యాన్ ఆపేస్తాం. ఫ్రిజ్ ప్లగ్ తీసేస్తాం. పంపులో చుక్క పడకుండా కింద గుడ్డ పెడతాం. కిటికీలు మూస్తాం. అప్పుడు మావారు సిలిండర్‌ను చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని, పిస్టన్‌ను బొటనవేలితో మెల్లగా నొక్కుతారు.

"ఊపిరి గట్టిగా వదలకండి" అంటారు.

"ఎంతసేపురా?" అంటారు అత్తగారు గుడ్లు తేలేసి.

"ష్! అదిగో! వినబడిందా?"

నాకు ఏమీ వినబడదు. అత్తగారికి అసలే వినబడదు. ఆయనకు వినబడుతుంది. రబ్బరు రింగుకు వెనకవైపు, ఎడమ పక్కన, ఆవగింజలో అరవయ్యో వంతు సందులోంచి గాలి పోతోందని చెబుతారు. విప్పి చూస్తే సరిగ్గా అక్కడే గీత ఉంటుంది! మనిషి చెవికి ఇంత శక్తి ఉందని నాకు పెళ్ళికి ముందు తెలియదు. తెలిస్తే ఎంత ఆశపడేదాన్నో.

ఎందుకంటే నేను చిన్నగా మాట్లాడే మనిషిని. మా ఊరి బడిలో రెండు తరగతులు ఒకే గదిలో నడిచేవి. మాస్టారు అటు తిరిగి ఒక తరగతికి పాఠం చెబుతుంటే మేం ఇటు నోరు మూసుకుని కూర్చోవాలి. నేను కూర్చోగా కూర్చోగా అదే అలవాటైపోయింది. హాజరు పిలిచేటప్పుడు నా పేరు దాటిపోయినా, నేను మనసులోనే 'ఉన్నానండీ' అనుకుని ఊరుకునేదాన్ని. మాట తక్కువైతే చూపు ఎక్కువవుతుందేమో, చీమల బారులో ఏ చీమ దారి తప్పిందో చెప్పగలను. ఇలాంటి నాకు, ఉఫ్ అని ఊదినంత చప్పుడు కూడా వినగల భర్త దొరికాడు. ఇంతకన్నా వరం ఏముంటుంది?

ఈ వరం ఎలా పనిచేసిందో వివరంగా చెబుతాను.

పోయిన నెల ఒక సోమవారం నాకు ఉత్తరం వచ్చింది. నేను ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్న విత్తనాల పరీక్ష కేంద్రం నుంచి. బస్సులో నాలుగు గంటల ప్రయాణం. అక్కడ పళ్ళేలలో తడి కాగితం పరిచి, వంద గింజలు పేర్చి, రోజూ ఎన్ని మొలకెత్తాయో చూసి రాయాలి. ఓపికగా చూడటమే ఉద్యోగం! ఈ భూమ్మీద నాకోసమే పుట్టిన పని ఏదైనా ఉంటే అది ఇదే. ఏడాదిపాటు శిక్షణ, హాస్టల్లో ఉండాలి, ఆదివారాలు సెలవు. మరుసటి వారం శుక్రవారంలోగా వస్తానో రానో జవాబు రాయాలి.

వెళ్ళాలని నాకుంది. కానీ ఆయన ఒక మాట అనాలని కూడా ఉంది. వెళ్ళమంటే సంతోషిస్తాను. వద్దంటే పోట్లాడతాను, నాకు రాకపోయినా నేర్చుకుని మరీ పోట్లాడతాను. "నువ్వు లేకపోతే ఎలా?" అంటే, ఏమో, ఆ మాట విన్నాక చూసుకునేదాన్ని. ఏదో ఒకటి అనాలి కదా! అదీ నాకు కావలసింది. ఆ పన్నెండు రోజులూ నేను వేచి ఉన్నది ఆ ఒక్క మాట కోసం.

ఆ సాయంత్రమే చెప్పాను. ఆయన వైస్‌లో ఏదో బిగించి అరగదీస్తున్నారు.

"ఏమండీ, విత్తనాల కేంద్రం నుంచి ఉత్తరం వచ్చింది. నన్ను తీసుకున్నారు."

"ఊఁ."

"ఏడాది అక్కడే ఉండాలిట."

"ఊఁ."

"వచ్చే శుక్రవారంలోగా జవాబు రాయాలి. ఏం రాయమంటారు?"

"ఊఁ... ఆ చిన్న స్క్రూడ్రైవర్ ఇలా అందుకో."

అందించాను. "అది కాదు, ఇంకా చిన్నది" అన్నారు. అదీ అందించాను. నా భవిష్యత్తు గురించి ఆ రోజు జరిగిన చర్చ అంతే.

బుధవారం కూర వడ్డిస్తూ చెప్పాను. "ఊఁ" అన్నారు. శనివారం ఆయన చొక్కాకు బొత్తాం కుడుతూ, చొక్కా ఆయన ఒంటిమీద ఉండగానే, అంటే ఆయన గుండెకు జానెడు దూరంలో నిలబడి చెప్పాను. "ఊఁ" అన్నారు. ఆ తర్వాత కళ్ళు మెరిశాయి. నేను కుట్టడం ఆపాను. "సూది!" అన్నారు. "సూదితో ఆ రంధ్రం శుభ్రం చేయొచ్చు. నాకెందుకు తట్టలేదబ్బా!" బొత్తాం సగం కుట్టగానే సూది పట్టుకుని వెళ్ళిపోయారు. దారంతో సహా.

తప్పు ఆయనది కాదు పాఠకులారా. తప్పు నాది. ఈ సంగతి నాకు ఆ తర్వాతి సోమవారం తెలిసింది.

మావారు నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల గుమస్తా. ఆ రోజు తాళంచెవి మరిచిపోతే ఇవ్వడానికి వెళ్ళాను. ఆయన గాజు కిటికీ వెనక కూర్చున్నారు. ఇవతల ఒక పెద్దావిడ చేతిలో ఖాళీ డబ్బా పట్టుకుని నిలబడింది. సాక్ష్యం కోసం తెచ్చుకుందో, దారిలో నింపుకుందామని తెచ్చుకుందో!

"వారం నుంచి మా వీధికి నీళ్ళు రావడం లేదు బాబూ."

"ఊఁ."

"పక్క వీధికి వస్తున్నాయి. మాకే ఎందుకు రావు?"

"ఊఁ. రాసివ్వండమ్మా."

"రాసేదేముంది, చెబుతున్నానుగా!"

"నోటిమాట ఫిర్యాదు కాదమ్మా. రిజిస్టర్లోకి ఎక్కాలి."

"మరి ఇంతసేపూ ఊఁ అన్నావెందుకు నాయనా?"

మావారు చాలా మర్యాదగా చెప్పారు. "మీరు మాట్లాడుతున్నారు కదండీ, బాగుండదని."

నేను తాళంచెవి కిటికీలోంచి తోసి వచ్చేశాను. దారి పొడుగునా నా బుర్ర నేనే మొట్టుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్ని! ఇన్నాళ్ళూ నోటితో చెబుతున్నానే! రిజిస్టర్లోకి ఎక్కించనే లేదే!

మా ఇంట్లోనూ రిజిస్టర్ ఉంది. తుపాకీ మూతికి అగ్గిపెట్టెంత పెట్టె ఒకటి తగిలిస్తే, గుండు ఎంత వేగంతో పోయిందో అంకె చూపిస్తుంది. ఆటలో గుండు మరీ వేగంగా పోకూడదట, మరీ నెమ్మదిగానూ పోకూడదట. అందుకని రోజూ సాయంత్రం ఆయన పరుపు మీదికి కాలుస్తుంటే నేను అంకెలు రాస్తాను. నాలుగు గడులు. షాట్ నంబరు, గుండు బరువు, వేగం, రిమార్కులు. మర్నాడు ఆయన ఆఫీసుకు వెళ్ళే ముందు టీ తాగుతూ, ఎర్ర పెన్ను పట్టుకుని, మనం పేపరు చదివినంత శ్రద్ధగా దాన్ని చూస్తారు.

సోమవారం సాయంత్రం, నాలుగు వందల పన్నెండో షాటుకు ఎదురుగా, రిమార్కుల గడిలో ఇలా రాశాను. 'వేగం సరిగా ఉంది. విత్తనాల కేంద్రానికి శుక్రవారంలోగా జవాబివ్వాలి. వెళ్ళనా?'

పొద్దున్న ఆయన ఆఫీసుకు వెళ్ళగానే తెరిచి చూశాను. పక్కన ఎర్ర టిక్కు. కింద 'చూడడమైనది'. ఆ కింద సంతకం!

ప్రభుత్వం వారి జవాబులా ఉంది కానీ, జవాబే కదా? అయినా ఒకసారి రూఢి చేసుకుందామని మంగళవారం ఇంకాస్త స్పష్టంగా రాశాను. 'నేను ఏడాదిపాటు ఈ ఇంట్లో ఉండను. మీకు సమ్మతమేనా?' బుధవారం పొద్దున టిక్కు. 'చూడడమైనది.' సంతకం.

బుధవారం సాయంత్రం నాకు కాస్త అనుమానం వచ్చింది. పరీక్ష కోసమే రాశానని ప్రమాణం చేసి చెబుతున్నాను. 'ఈ తుపాకీని రేపు మధ్యాహ్నం కిటికీలోంచి కింద టైలర్ గారి రేకుల మీదికి విసిరేయబోతున్నాను.'

గురువారం పొద్దున టిక్కు. 'చూడడమైనది.' సంతకం. దాని పక్కన, ఇన్నాళ్ళలో మొట్టమొదటిసారి, నన్ను ఉద్దేశించి ఆయన సొంత దస్తూరీతో ఒక వాక్యం!

'అక్షరాలు గడి దాటుతున్నాయి.'

రిజిస్టర్ పట్టుకుని అత్తగారి దగ్గరికి వెళ్ళాను. ఆమె కళ్ళద్దాలు సర్దుకుని మూడూ చదివారు. మూడోది రెండుసార్లు చదివారు.

"విసిరేశావా?" అన్నారు ఆశగా.

"లేదత్తయ్యా."

"ఊఁ" అని, వెంటనే నాలిక కరుచుకున్నారు. "ఆ ఉద్యోగం సంగతి నువ్వు వాడికి చెప్పినరోజే విన్నానమ్మాయ్. వాడు నీకేమైనా చెబుతాడేమోనని ఊరుకున్నాను. వీళ్ళ నాన్నా ఇంతే. ఆయన రేడియోలు విప్పేవాడు. ముప్పైయేళ్ళు నా మాటలకి ఊఁ కొట్టాడు. పాపం, ఒక్క రేడియో కూడా మళ్ళీ పాడలేదు."

"మరి మీరేం చేశారత్తయ్యా?"

"ఏం చేస్తాను! ఎదురుగా కూర్చుని మరలు అందించాను." కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడిచారు. "నువ్వు రాసెయ్యి, వస్తున్నానని. మూడు సంతకాలు పెట్టాడుగా. వాళ్ళ ఆఫీసులో ఒక్క సంతకానికే పైపు తవ్వేస్తారుట."

శుక్రవారం పొద్దున జవాబు పోస్టు చేశాను.

ఇప్పుడు చెప్పండి, తుపాకీ మేలు చేసిందా లేదా? అదే లేకపోతే ఏమయ్యేది? ఆయన నా మాట వినేవారు. విన్నాక ఆలోచించేవారు. ఆలోచించాక, ఇంత దూరం ఎందుకులే, ఇక్కడే ఏదో ఒకటి దొరక్కపోతుందా అనేవారు. నేను మెత్తని మనిషిని, సరేనండీ అనేదాన్ని. అరిటాకులా సర్దుకుపోయేదాన్ని. ఈపాటికి కూరగాయలు తరుగుతూ కూర్చునేదాన్ని. ఎంతమంది ఆడవాళ్ళు వినే భర్తలు దొరికి ఇలా వెనకబడిపోయారో ఎవరైనా లెక్క తీశారా?

ఆ పై వారం, ఆదివారం నాడు నా ప్రయాణం. ఆ పొద్దున ఆయన ఇటుకల ఫ్యాక్టరీలో ఆట చూడ్డం మానుకుని నన్ను బస్సెక్కించడానికి వచ్చారు. ఈ మాట దాచడం న్యాయం కాదు, అందుకే చెబుతున్నాను. పెద్ద సంచి ఆయనే పట్టుకున్నారు. చిన్న సంచీ లాక్కున్నారు. నేను నాలుగు రోజులకు పుట్టింటికి వెళుతున్నాననుకున్నారు.

"మీ అమ్మగారిని అడిగినట్టు చెప్పు" అన్నారు. తర్వాత బస్టాండు దాకా పిస్టన్ గురించి చెప్పారు. పిస్టన్‌కు పదిహేను పళ్ళుంటాయి. అందులో చివరిది అరిగిపోతోందట. నాకు కూడా బాధేసింది.

పెద్ద సంచిని బస్సు వెనక డిక్కీలో పెట్టారు. చిన్నది కిటికీలోంచి నాకందించారు. అప్పుడు తలెత్తి బస్సు బోర్డు చూశారు.

"ఇది మీ ఊరి బస్సు కాదే?"

"కాదండీ."

"మరి ఎక్కడికి?"

"విత్తనాల కేంద్రానికి. ఉద్యోగానికి."

"ఎన్నాళ్ళకి?"

"ఏడాదికి."

ఆయన బోర్డు మళ్ళీ చదివారు. నన్ను చూశారు. "నాకు చెప్పలేదే!"

"నోటితో మూడుసార్లు చెప్పానండీ. రాతలో రెండుసార్లు చెప్పాను. రాసినవి మీరు చూశారు కూడా."

ఆయన మొహం ఒక్కసారి మారిపోయింది. కళ్ళు చిట్లించి, తల ఒక పక్కకు వంచి, ఊపిరి బిగబట్టారు. ఆ మొహం నాకు బాగా తెలుసు. వారానికి రెండుసార్లు చూస్తాను. కాకపోతే ఎప్పుడూ సిలిండర్ వైపు తిరిగి ఉంటుంది. నా వైపు తిరగడం ఇదే మొదలు.

పాఠకులారా, ఇంతదాకా వచ్చారు కాబట్టి ఉన్నమాట చెప్పేస్తాను. నాకు తుపాకీ మీద కోపం లేదు. పాపం అదేం చేసింది? ఆయనకు చెవుడు ఉన్నా నాకు బాధ ఉండేది కాదు. ఇంకాస్త గట్టిగా మాట్లాడదామని సరిపెట్టుకునేదాన్ని. ఆయనకు చెవుడు లేదు. నా బాధల్లా అదే.

కండక్టర్ విజిల్ వేశాడు. బస్సు ఇంజను గర్జించింది. ఆయన కిటికీ పట్టుకుని నడుస్తూ ఏదో అడుగుతున్నారు. నేను చెబుతున్నాను. ఆయన చెయ్యి చెవికి అడ్డం పెట్టుకుని, "ఏమిటీ? వినబడట్లేదు! మళ్ళీ చెప్పు!" అని అరిచారు.

మళ్ళీ చెప్పు! రెండేళ్ళు ఎదురుచూశాను ఈ రెండు మాటల కోసం. తీరా ఇప్పుడు, బస్సు కదిలాక!

ఇక లాభం లేదని కిటికీలోంచి సగం బయటికి వంగి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, గొంతు చించుకుని అరిచాను.

"ఆదివారం రండీ! ఒట్టి చేతులతో రండీ!"

బస్సు బస్సంతా తిరిగి చూసింది. పక్క సీట్లో బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న పెద్దావిడ నన్ను కిందికీ పైకీ చూసింది.

"అదేం మాటమ్మా? వచ్చే మొగుణ్ణి నాలుగు పళ్ళయినా పట్టుకురమ్మనాలి గానీ, ఒట్టి చేతులతో రమ్మంటారా ఎవరైనా?"

ఆమెకు ఏం చెప్పను? ఎక్కణ్ణుంచి మొదలుపెట్టను? నవ్వి, వెనక్కి తిరిగి చూశాను. ఆయన బస్టాండు మధ్యలో ఆగిపోయారు. చుట్టూ మూటలతో, పెట్టెలతో జనం ఆయన్ని తప్పించుకుని నడుస్తున్నారు. నా సంచులు రెండూ నాకిచ్చేశారు. తుపాకీ ఇంట్లో ఉంది. రెండు చేతులూ ఏం చేసుకోవాలో తెలియక, ఒకటి జేబులో పెట్టి, తీసి, మళ్ళీ కిందికి వదిలేశారు.

పెళ్ళయిన రెండేళ్ళలో ఆ చేతులు ఖాళీగా ఉండగా నేను చూడటం అదే మొదటిసారి. ఎంత బాగున్నాయో!